నాలుగు నిమిషాల గ్రహణం

రాజేంద్రనగర్‌లో బస్సు దిగి,
మోచేతుల దాకా స్పిరిట్‌తో తుడుచుకుని
గాలిపెట్టె ముందు కూర్చుంటాను.
ఇక్కడ మాస్కు అందరికీ తప్పనిసరి.
ఈ ఉద్యోగంలో నాకు మొదట నచ్చింది అదే.

సీసాలో ఆర్కిడ్ అంటే పువ్వనుకోకండి.
సగ్గుబియ్యం గింజంత ఆకుపచ్చ ముద్ద.
వేరు లేదు, ఆకు లేదు,
ఏమవ్వాలో ఇంకా తేల్చుకోలేదు.
దానికి అగరు జావ, చక్కెర, చిటికెడు లవణాలు,
అత్తాపూర్ బండి మీద కొట్టించిన బోండాం నీళ్లు.
బాలమణి సీసాలు కడుగుతూ అంటుంది:
"నా పిల్లలకు సుత గింత జేయలే నేను."

ఒక్క చుక్క బూజు పడితే సీసా మొత్తం పోతుంది.
కరెంటు పోతే, జనరేటరు అందుకునేలోపు
గది గదంతా ఊపిరి బిగబడుతుంది.

ఆగస్టులో మూడువందల సీసాలు
కోబాల్ట్ గదికి తీసుకెళ్లాం.
ఇరవై గ్రేలు. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.
బయట ఎండ కాస్తూనే ఉంది.
సీసం తలుపు మూసుకుంది.
చప్పుడు లేదు, వెలుగు లేదు,
తీసి పట్టుకుంటే గాజు వెచ్చబడనైనా లేదు.
అవే ఆకుపచ్చ గింజలు.
నుస్రత్ మేడం రిజిస్టరులో టైము రాసుకుంది.
నేను పై పెదవి మీది కుట్టు తడుముకున్నాను,
మాస్కు మీది నుంచే.

నన్ను మోసేటప్పుడు అమ్మ
గ్రహణం పూట కత్తిపీట ముట్టిందట.
బెండకాయలు తరిగిందట.
కాదు, దొండకాయలంటుంది మేనత్త.
ఇరవై ఆరేళ్లుగా కూరగాయ మారుతోంది,
నేరం మారలేదు.
కుట్లు వేసిన డాక్టరు
"కారణం ఇదీ అని చెప్పలేమమ్మా" అన్నాడట.
చెప్పలేనివాడి మాట ఇంట్లో ఎవరు నమ్ముతారు?

నెల తిరిగేసరికి సగం నల్లబడ్డాయి.
బతికినవి కోసి, విడదీసి, కొత్త జావలో నాటి,
మళ్లీ కోసి, మళ్లీ విడదీసి.
కొన్నిటికి తెల్లచారల ఆకులు.
కొన్ని మరుగుజ్జులు.
ఎక్కువ భాగం మామూలువే, ఏమీ జరగనట్టు.
తర్వాత మూడేళ్లు
బొగ్గుముక్కల కుండీలు, పచ్చవల నీడ.

మొన్న నాలుగువందల పదిహేడు పూసింది.
ఊదారంగు. ఐదు రేకులూ సరిగ్గానే ఉన్నాయి.
ఆరోదాన్ని, ఆర్కిడ్‌లో, పెదవి అంటారు.
అది నడిమికి చీలి ఉంది, మొదలు దాకా.
బాలమణి తొంగిచూసి "గ్రాణం..." అనబోయి
నావైపు చూసి నాలుక కరుచుకుంది.

గుడిమల్కాపూర్ నుంచి ఫయాజ్ భాయ్ వచ్చాడు.
ఫోను దగ్గర పెట్టి పదిహేను ఫొటోలు తీశాడు.
"కొత్త డిజైన్ మేడం! పెళ్లి స్టేజీలకు
కొమ్మకి డబల్ రేటిస్తా."
కాగితాల్లో దీని పేరు 'మేలైన మార్పు'.
నేను మాస్కు తీశాను.
ఎవరూ చూడలేదు, అందరూ పువ్వునే చూస్తున్నారు.

రిజిస్టరులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది.
కోబాల్ట్, ఇరవై గ్రేలు, అని రాశాను.
పక్క సీసాకీ అంతే పడింది కదా మేడం,
మరి దీనికే ఎందుకు?
"అది మన చేతిలో ఉండదు," అంది.
యంత్రం ఉంది, సెకన్ల లెక్క ఉంది,
కింద ముగ్గురి సంతకాలున్నాయి.
అయినా చేతిలో లేదట.

రాత్రి చేవెళ్లకి, అమ్మకి, ఫొటో పంపాను.
చాలాసేపు రెండు నీలం టిక్కులు, మాట లేదు.
తర్వాత ఫోను చేసింది.
రేటు అడగలేదు. రంగు బాగుందనలేదు.
"దాని తల్లిని ఎవలన్న
ఏమన్నన్నరా బిడ్డా?"

తల్లిమొక్క మూడో బల్ల మీద ఉంది.
పొద్దున వెళ్లగానే నీళ్లు పెట్టాలి.